కామయ్యతోపు దాటాక, మెట్ల కింద కర్రీ పాయింట్

ముందు అసలు మాట చెప్పేస్తాను. పప్పు కొనండి. రోటి పచ్చడి తప్పకుండా కొనండి. మజ్జిగ పులుసు దొరికితే మీ అదృష్టం. సాయంత్రం పూట వేపుళ్ల జోలికి పోకండి. సాంబారు మాత్రం మీ ఇంట్లోనే కాచుకోండి. ఇంతవరకు తెలిస్తే చాలనుకునేవారు ఇక్కడే ఆగిపోవచ్చు. మిగిలినవారు నాతో పాటు కాసేపు వరుసలో నిలబడాలి. ఆ కొట్టు దగ్గర వరుస ఎలాగూ తప్పదు.

బెజవాడ నుంచి బందరు రోడ్డు మీద వస్తుంటే పటమట, ఆటోనగర్, ఆ తరువాత కానూరు కామయ్యతోపు. అక్కడి నుంచి తాడిగడప వచ్చేలోగా ఉన్న సందుల్లో ఒకదానిలో ఉంది ఈ కొట్టు. మూడంతస్తుల ఇంటి మెట్ల కింద, ఒకప్పుడు స్కూటరు పెట్టుకునే చోటు. దానికి పేరు లేదు. మొదట్లో ఒక ఫ్లెక్సీ కట్టారట, గాలివానకు చిరిగిపోతే మళ్లీ కట్టించలేదు. "మెట్ల కింద" అంటే మా వీధిలో అందరికీ తెలుస్తుంది. పది పన్నెండు స్టీలు గిన్నెలు, వాటి మీద మూతలు, వెనుక గోడకు ఆ రోజు కూరలు రాసిన నల్లపలక. మొదటిసారి వెళ్లినప్పుడు ఆ పలక మీద "వంకాయి", "బెండకయ" అని రాసి ఉంటే సుద్దముక్క అడిగి దిద్దాను. కొట్టు నడిపే ఆవిడ నవ్వి, "మీరు టీచరమ్మ కదూ" అంది. ముప్పై మూడేళ్లు పాఠాలు చెప్పిన చెయ్యి, ఊరుకోమంటే ఊరుకోదు.

ఆ చెయ్యికి ఇంకో అలవాటు కూడా ఉంది. మన దేశంలో బడిపంతుళ్లకు ప్రభుత్వం నేర్పిన రెండో వృత్తి జనాభా లెక్కలు. 1991లో, 2001లో, 2011లో మూడుసార్లు ఈ మండలంలో వీధులు తిరిగాను. చెవిలో పెన్సిలు, చంకలో ఫారాల కట్ట. అందువల్ల ఎక్కడ నలుగురు గుమిగూడినా వీరెవరు, ఎక్కడివారు, ఏం పని చేస్తారు అని మనసులో గళ్లు నింపుకుంటూ ఉంటాను. ఈ కొట్టు గురించి రాయాలనిపించడానికి పప్పు రుచి సగం కారణం, ఆ గళ్లు సగం.

రుచి సంగతి ముందు చూద్దాం.

మోకాలు అరిగిందని, పొయ్యి దగ్గర గంటలకొద్దీ నిలబడవద్దని డాక్టరు చెప్పాక బయటి కూరలు మొదలుపెట్టాను. మొదటి నెల దొంగతనంగానే కొన్నాను. గుడ్డసంచిలో అడుగున పొట్లాలు, పైన కరివేపాకు కట్ట, పక్కన అరడజను నిమ్మకాయలు. ఎవరైనా ఎదురైతే బజారుకు వెళ్లి వస్తున్నట్టు ఉండాలి. ఒకరోజు మా అపార్ట్‌మెంటు మూడో అంతస్తు ఆవిడ అదే వరుసలో కనిపించింది. "గుడికి వెళ్లి వస్తున్నాను పిన్నిగారూ" అంది. చేతిలో సంచి లోంచి పులుసు కారుతోంది. నేనేమీ అనలేదు, నా సంచి కూడా అలాగే ఉంది. ఇద్దరం మాట్లాడకుండా లిఫ్టు ఎక్కాం. లిఫ్టు నిండా ఇంగువ వాసన.

ఆ ఇంగువే ఈ కొట్టు రహస్యం. కందిపప్పు పొద్దున్నే పెద్ద డేగిశాలో ఉడుకుతుంది. దోసకాయో, తోటకూరో, మామిడికాయో, గోంగూరో పడుతుంది. తాలింపు మాత్రం అప్పుడు వేయరు. అరగంటకొకసారి చిన్న గిన్నెలోకి పప్పు తోడి, ఎండుమిరపకాయలు, చితక్కొట్టిన వెల్లుల్లి, ఇంగువ వేసి ఆ గిన్నె మట్టుకే తాలింపు పెడతారు. అందుకే పదకొండున్నరకు కొన్న పప్పూ, ఒంటిగంటకు కొన్న పప్పూ ఒకేలా ఉంటాయి. చాలా కర్రీ పాయింట్లలో ఉదయం వేసిన తాలింపు మధ్యాహ్నానికి నీరుగారి, వెల్లుల్లి ఉడికిన చిక్కుడు గింజలా నోటికి తగులుతుంది. ఇక్కడ ఆ బాధ లేదు. ఒకసారి గోంగూర పప్పులో రాయి తగిలింది, నిజమే. మర్నాడు చెబితే, "ఏ పూట కొన్నారు?" అని కూడా అడగకుండా పొట్లం ఉచితంగా ఇచ్చింది. ఉచితంగా తీసుకోవడం నాకు నచ్చదు, డబ్బు ఇచ్చాను. తీసుకుంది.

పచ్చళ్లలో దోసకాయ పచ్చడికి సాటి లేదు. పచ్చిమిరపకాయలు, చింతపండు, జీలకర్ర రోట్లో దంచి, దోసకాయ ముక్కలు చివర్లో పచ్చివే కలుపుతారు. కరకరలాడుతూ ఉంటాయి. గిన్నెలో సగం అయ్యేసరికి ముక్కలు నీళ్లు వదులుతాయి కనుక పన్నెండు లోపలే కొనాలి. బీరకాయ కూర ఉన్న రోజు బీరపొట్టు పచ్చడి కూడా ఉంటుంది. కూరకు చెక్కిన పొట్టు పారేస్తే ఆ రోజు లాభం పారేసినట్టేనని ఆవిడ లెక్క. మంచి లెక్కే, రుచి కూడా మంచిదే. మజ్జిగ పులుసు వారానికొకసారే పెడతారు, అదీ పెరుగు మిగిలిన మర్నాడు. ఆ సంగతి దాచరు. పులిసిన పెరుగుకు అంతకన్నా గౌరవమైన గతి ఏముంది?

కందబచ్చలి గురించి ఒక మాట. ఆవ పెట్టి చేసే కందబచ్చలి కూర ఇళ్లలోనే తగ్గిపోయింది. కంద చెక్కితే చేతులు దురద, బచ్చలి ఒలిచే ఓపిక ఎవరికీ లేదు. ఇక్కడ నెలకు రెండుసార్లు చేస్తారు. మా అత్తగారికి ఎనభై ఆరేళ్లు, బయటి కూడు ముట్టరు. ఆ కూరతో రెండు ముద్దలు ఎక్కువ తిని, "ఇవాళ ఆవ పాళ్లు కుదిరాయే" అన్నారు. ఇప్పటికీ చెప్పలేదు. ఆవిడ ఫోను చూడరు కనుక ధైర్యంగా రాస్తున్నాను.

ఇక తప్పులు. వేపుళ్లు పొద్దున్న ఒక్కసారే చేస్తారు. బెండకాయ, దొండకాయ, అరటికాయ, ఏదైనా మధ్యాహ్నం దాకా బాగుంటుంది. సాయంత్రం అదే వేపుడును బాణలిలో మళ్లీ వేడి చేస్తారు. నూనె తేలుతుంది, వేరుశనగ గింజలు మెత్తబడతాయి. యాభై రూపాయలకు ఆ పొట్లం అన్యాయం. సాంబారు పన్నెండింటికి సాంబారు, ఒంటిగంటకు చారు, ఒంటిగంటన్నరకు వేడినీళ్లు. ఆ మాట ఆవిడతోనే అన్నాను. "పిల్లలు గిన్నెలు గిన్నెలు పోయించుకుంటారు టీచరమ్మా, పలచబరచకపోతే ఎలా?" అంది. కారణం బాగానే ఉంది, సాంబారు బాగాలేదు. మరుగుతున్న పులుసును ప్లాస్టిక్ సంచిలో పోసి రబ్బరు బ్యాండు వేయడం చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. స్టీలు క్యారియర్ తెచ్చుకోండి. తెచ్చినవారికి అర గరిటె ఎక్కువ వేస్తారు, ఇది పలక మీద రాసి ఉండదు. మాంసాహారం నేను తినను. మావారు కోడిగుడ్డు పులుసు బాగుందంటారు, కానీ నేను వండనిది ఏదైనా ఆయనకు బాగానే ఉంటుంది, ఆ సాక్ష్యం ఎంతవరకు నమ్మాలో మీ ఇష్టం.

ధరలు: పప్పు నలభై, పచ్చడి ఇరవై, కూర నలభై, వేపుడు యాభై, పెరుగు పాతిక, అన్నం ముప్పై. ఇద్దరు మనుషులకు ఒక పూట వంద రూపాయల్లో గడిచిపోతుంది. ఇంట్లో వండుకుంటే ఇంతకన్నా తక్కువ అవుతుందా అని ఒక నెల లెక్క రాశాను. ఇద్దరికి పెద్ద తేడా లేదు, నలుగురుంటే ఇంటి వంటే లాభం. కానీ ఈ వీధిలో నలుగురున్న ఇళ్లు ఎన్ని?

అక్కడికే వస్తున్నాను.

పదకొండుంబావుకు వరుసలో ముందు ఉండేవారు మనుషులు కారు, క్యారియర్లు. పక్క అపార్ట్‌మెంటు వాచ్‌మన్ ఒక్కడే రెండు చేతుల్లో నాలుగు క్యారియర్లతో వస్తాడు. ఒక్కో మూత మీద ఫ్లాటు నంబరు ఎర్ర రంగుతో రాసి ఉంటుంది. అవన్నీ పిల్లలు అమెరికాలోనో, బెంగళూరులోనో ఉండి, ఇక్కడ పెద్దవాళ్లు ఇద్దరే, లేదా ఒక్కరే మిగిలిన ఇళ్లు. ఆర్డరు కూడా ఒకటే: పప్పు, ఉప్పు తక్కువ, పచ్చడి వద్దు, పెరుగు. 402 వాళ్లు మాత్రం ఊరమిరపకాయలు రహస్యంగా తెప్పించుకుంటారు. వాచ్‌మన్ వాటిని క్యారియర్‌లో పెట్టకుండా జేబులో కాగితంలో చుట్టుకుని తీసుకువెళతాడు.

పన్నెండుకు పిల్లలు. 1977లో వెలగపూడి రామకృష్ణ సిద్ధార్థ ఇంజనీరింగ్ కళాశాల కానూరుకు వచ్చింది. తరువాత ఇంకా కళాశాలలు, కోచింగులు, వాటి వెనుకే హాస్టళ్లు, గదుల అద్దెలు. గదుల్లో ఉండే కుర్రవాళ్లు కుక్కరులో అన్నం వండుకుని, ముగ్గురికి కలిపి ఒక కూర, ఒక సాంబారు కొంటారు. సాంబారు ఎందుకు పలచబడుతుందో ఇప్పుడు మీకు తెలిసింది. యాసలు వింటే ఒంగోలు, నెల్లూరు, శ్రీకాకుళం, అనంతపురం అన్నీ వినిపిస్తాయి. అనంతపురం కుర్రవాడు ఒకడు రోజూ "ఇంకా కారం లేదా" అని అడుగుతాడు. కృష్ణా జిల్లాలో నిలబడి ఆ మాట అనడానికి ధైర్యం కావాలి.

ఒంటిగంటకు ఆటోనగర్. లారీ బాడీలు కట్టేవారు, లేతు మిషన్ల వారు, టింకరింగ్, పెయింటింగ్, రేడియేటర్ల వారు. చొక్కా జేబులో స్పానరు, గోళ్లలో గ్రీజు. వీళ్లు ఇంటి నుంచి అన్నం తెచ్చుకుంటారు, కూర మాత్రం ఇక్కడ. రుచి విషయంలో వీళ్లదే చివరి తీర్పు. పచ్చడిలో ఉప్పు తగ్గిందని గిన్నె మూత తీయగానే చెబుతారు. వరుసలో నన్ను చూస్తే పక్కకు జరిగి "ముందు మీరు తీసుకోండమ్మా" అంటారు. పట్టభద్రుల కన్నా ఈ మర్యాద వీరి దగ్గరే ఎక్కువ చూశాను. చాలామంది నా పాత విద్యార్థులే కావచ్చు, గుర్తుపట్టను. ఒకడు గుర్తుపట్టి, "ఎక్కాలు రాలేదని ఎండలో నిలబెట్టారు మేడం" అన్నాడు. ఇప్పుడు సొంత షెడ్డు, నలుగురికి జీతం ఇస్తున్నాడట. పదమూడో ఎక్కం అడగాలనిపించింది, అడగలేదు.

సాయంత్రం ఏడు దాటాక జనం వేరు. నగరంలో బట్టల కొట్లలో నిలబడి పనిచేసిన ఆడపిల్లలు బస్సు దిగి వస్తారు. ఒక పచ్చడి, ఒక పెరుగు, నలభై అయిదు రూపాయలు, ఫోన్‌పే చప్పుడు. ఇద్దరూ ఉద్యోగాలు చేసే జంటలు బండి ఆపకుండానే కేక వేస్తారు. మరొక రకం కూడా ఉంది. 2016లో రాజధాని కార్యాలయాలు హైదరాబాద్ నుంచి ఇటు మారినప్పుడు ఉద్యోగులు వచ్చారు. పిల్లల చదువులని కుటుంబాలను అక్కడే ఉంచి, ముగ్గురు నలుగురు కలిసి ఇక్కడ ఫ్లాట్లు తీసుకున్నారు. వారికి అయిదు రోజుల పనివారం. శుక్రవారం సాయంత్రం రైలు, సోమవారం పొద్దున మళ్లీ రైలు. ఆవిడ ఈ సంగతి ఏ ప్రభుత్వ ఉత్తర్వులోనూ చదవలేదు, శుక్రవారం రాత్రి కూర మిగిలిపోతుంటే తెలుసుకుంది. అప్పటి నుంచి శుక్రవారం సాయంత్రం రెండు కూరలే చేస్తుంది. ఆ ఉద్యోగుల్లో కొందరు కుటుంబాలను తెచ్చుకున్నారు, కొందరు రిటైరయ్యారు, పాత లెక్క మాత్రం పలక మీద అలాగే నిలిచింది.

ఈ మధ్య స్థలాలు అమ్మేవాళ్లు మా గేటులో ఒక రంగుల పుస్తకం పడేసి వెళ్లారు. అభివృద్ధి చెందుతున్న ప్రాంతం, విమానాశ్రయానికి ఇన్ని నిమిషాలు, రాజధానికి ఇన్ని నిమిషాలు. నిమిషాలే ఉన్నాయి, మనుషులు లేరు. ఫోటోలో ఉన్న దంపతులు కూడా ఇక్కడివారు కారు, అంత తెల్లటి సోఫా ఈ దుమ్ములో ఎవరూ కొనరు. కానూరు ఎలాంటి ఊరో తెలుసుకోవాలనుకున్నవారు ఆ పుస్తకం పక్కన పెట్టి, మెట్ల కింద పదకొండుంబావు నుంచి రెండింటి దాకా నిలబడితే చాలు.

నిజానికి కానూరు ఊరా, పట్నమా అనే ప్రశ్నకు చాలా ఏళ్లు రెండు సమాధానాలు ఉండేవి. 2011 నాటికి ఇక్కడ జనాభా సుమారు 49 వేలు. పాలన చూస్తే అప్పట్లో గ్రామ పంచాయతీ, సర్పంచ్ ఉండేవారు. జనాభా లెక్కల్లో మాత్రం దీన్ని పట్టణంగానే చూపించారు. అలాంటి చోట్లను సెన్సస్ టౌన్లు అంటారు. దానికి మూడు కొలతలు: జనాభా కనీసం 5,000 ఉండాలి, చదరపు కిలోమీటరుకు కనీసం 400 మంది ఉండాలి, పనిచేసే మగవారిలో కనీసం 75 శాతం వ్యవసాయం కాని పనుల్లో ఉండాలి. మూడో కొలతను మళ్లీ చదవండి. మగవారిలో. శిక్షణలో ఆ మాట విన్నప్పుడు నేను పుస్తకంలో గీత కూడా గీసుకోలేదు. ఆడవాళ్లు పొలం మానేసి ఏం చేస్తున్నారన్నది ఊరు పట్నమైందో లేదో తేల్చడానికి అక్కరలేదు.

ఆ తరువాత కానూరు, యనమలకుదురు, తాడిగడప, పోరంకి పంచాయతీలను కలిపి పురపాలక సంఘం చేశారు. 2022లో జిల్లాలు విడగొట్టినప్పుడు బెజవాడ ఎన్టీఆర్ జిల్లాకు వెళ్లింది, మేము కృష్ణా జిల్లాలోనే ఉండిపోయాం. బెజవాడ బస్టాండు ఏడెనిమిది కిలోమీటర్లు, మా జిల్లా కేంద్రం మచిలీపట్నం అరవై దాకా ఉంటుంది. సిటీ బస్సులో కూర్చుని కండక్టరును "జిల్లా దాటామా?" అని అడిగితే పిచ్చివాళ్లను చూసినట్టు చూస్తాడు.

పురపాలక సంఘం వచ్చాక మారిన సంగతుల్లో ఒకటి ఈ కొట్టులోనే విన్నాను. ఇక్కడ నలుగురు ఆడవాళ్లు పనిచేస్తారు. ఒకామె పోరంకి నుంచి వస్తుంది. ఉపాధి హామీ పనికి వెళ్లేదట. ఆ పథకం గ్రామాలకే కనుక, ఊరు పట్నమైన రోజున జాబ్ కార్డు కాగితమైపోయింది. ఇప్పుడు ఉల్లిపాయలు కోస్తుంది. ఇంకొకామె విజయనగరం వైపు నుంచి భర్తతో పాటు భవనాల పనికి వచ్చింది. ఇటుకలు మోసేది, నడుము పట్టేశాక అంట్లకు కుదిరింది. ఇద్దరూ ఈ లంకల్లో పండిన వంకాయలే తరుగుతారు. ఒకామె వాటిని పుట్టిననాటి నుంచి ఎరుగును, ఒకామెకు ఇంకా "మా ఊరి వంకాయ"తో పోలిక పోలేదు. మధ్యాహ్నం రెండు దాటాక మెట్ల మీద కూర్చుని అడుగంటిన పప్పుతో అన్నం తింటూ వీళ్లు పడే వాదన మీకు వినిపిస్తే, ఆ రోజు కూర మిగల్లేదని అర్థం.

ఆ మూడంతస్తుల ఇల్లు కట్టినవారిది పాత రైతు కుటుంబం. ఈ సందు కాలువ నీళ్లతో వరి పండిన నేల. 1850లలో కృష్ణకు ఆనకట్ట కట్టినప్పటి నుంచి, 1957లో ప్రకాశం బ్యారేజీ వచ్చాక కూడా, ఈ పొలాలకు నీటి కరువు తెలియదు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో ఇక్కడ గట్టు మీద నడిచి బడికి వెళ్లాను. ఇంటి పెద్దాయన ఇప్పుడు గేటు దగ్గర కుర్చీలో కూర్చుని అద్దెలు లెక్క చూసుకుంటారు, మెట్ల కింద చోటుకు కూడా. నెలకు ఎంతో చెప్పరు. ఆయనకు పూటకు ఒక పప్పు పొట్లం ఉచితం, అది అద్దె ఒప్పందంలో భాగమని ఆవిడ నాతో గుసగుసగా చెప్పింది. ఎకరాల్లో కందులు, మినుములు పండించిన మనిషి పప్పు పొట్లం కోసం కిందికి చూస్తూ ఉంటారు. ఆయన ముఖంలో మాత్రం బాధేమీ లేదు, పప్పు బాగుంది మరి.

వ్యాపారం నడిచే తీరు కూడా చెప్పాలి, ఎందుకంటే నలభై రూపాయలు ఎక్కువని గొణిగేవారు వరుసలో రోజూ ఒకరుంటారు. పొద్దున నాలుగున్నరకు పొయ్యి వెలుగుతుంది. పందొమ్మిది కిలోల వాణిజ్య సిలిండరు రెండు రోజులు రాదు. నూనె డబ్బా, కందిపప్పు బస్తా, నలుగురి కూలి, అద్దె, కరెంటు. కూరగాయలు కంకిపాడు వైపు నుంచి, ఇటు లంకల నుంచి ఆటోలో వస్తాయి. టమాటా ధర వంద దాటిన రోజుల్లో పలక మీద టమాటా పప్పు ఉండదు, చింతచిగురో, గోంగూరో ఉంటుంది. ధర పెంచడం కన్నా కూర మార్చడం మేలని ఆవిడ సూత్రం. ఇంటికి తెచ్చి ఇచ్చే యాప్ ఒకదానిలో రెండు నెలలు పెట్టి మానేసింది. వాళ్ల వాటా పోగా మిగిలింది పొట్లానికి కట్టిన రబ్బరు బ్యాండు ఖరీదేనని చెప్పింది. ఆ రెండు నెలలు నేను వరుసలో నిలబడి ఉంటే, సంచి తగిలించుకున్న కుర్రవాళ్లు నా ముందు నుంచే కూర పట్టుకుపోయేవారు. మానేసినందుకు నాకు సంతోషం.

2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ వైపు మునిగినప్పుడు నాలుగు రోజులు ఈ కొట్టులో కూరలు అమ్మలేదు. పులిహోర కలిపి పొట్లాలు కట్టి ట్రాక్టర్లకు ఎక్కించారు. ఆటోనగర్ వాళ్లు బియ్యం పంపారు, గదుల కుర్రవాళ్లు పొట్లాలు కట్టారు. నేను నిమ్మకాయలు పిండాను. అయిదో రోజు ఆవిడ మళ్లీ పలక రాసింది, పప్పు నలభై. దాని గురించి అప్పుడు గానీ ఆ తరువాత గానీ ఒక్క మాట మాట్లాడలేదు.

ఇక నా తప్పు ఒకటి చెప్పుకోవాలి. 2010లో ఇళ్ల జాబితా రాసినప్పుడు 35 ప్రశ్నలు. గోడ దేనితో కట్టారు, నీళ్లు ఎక్కడివి, టీవీ ఉందా అన్నవాటి మధ్య, వంటకు ఏం వాడతారు అని ఒకటి. కట్టెలు, పిడకలు, కిరోసిను, గ్యాసు అని వరుసగా ఉండి చివరన "వంట చేయరు" అని ఒక జవాబు ఉండేది. నేను ఒక్క ఇంటికీ అది రాయలేదు. ఇప్పుడు అదే వీధిలో తిరిగితే ఎన్ని గుమ్మాల దగ్గర రాయాల్సి వస్తుందోనని ఒకరోజు వరుసలో నిలబడి నవ్వుతూ ఆవిడతో అన్నాను.

"2011లో మా ఇంటికి మీరే వచ్చారు టీచరమ్మా" అంది.

నాకు గుర్తు లేదు. ఆ సందు చివర వెనుక వాటాలో అద్దెకు ఉండేవారట. ఫిబ్రవరి, మధ్యాహ్నం. జవాబులు గుమ్మంలో ఆవిడ భర్త చెప్పాడు. తన పేరు, వయసు, ఆటోనగర్‌లో పని. భార్య సంగతి అడిగితే "ఇంట్లోనే ఉంటుంది" అన్నాడు. పని చేయనివారి గడిలో ఇంటిపని అని నేను రాసుకుని వెళ్లిపోయాను. ఆవిడ అప్పుడు లోపల ఇడ్లీ పిండి రుబ్బుతోంది, నలభై ఇళ్లకు. గ్రైండరు మోతలో నా ప్రశ్న తనకు వినబడలేదంది. గ్రైండరు మోత నాకు వినబడే ఉంటుంది. ఇంట్లో కుటుంబం చేసుకునే అలాంటి పనికి ఫారంలో గృహ పరిశ్రమ అని విడిగా గడి ఉండేది. ఆడవాళ్ల పని గురించి గుచ్చి గుచ్చి అడగమని శిక్షణలో చెప్పారు కూడా. ఎండగా ఉంది, ఇంకా ఇరవై ఇళ్లు ఉన్నాయి, నేను అడగలేదు.

"పోనీలెండి, రాస్తే పన్ను వేసేవారేమో" అని ఆవిడ నవ్వి నా క్యారియర్‌లో పప్పు పోసింది. జనాభా లెక్కకు పన్నుకు సంబంధం లేదని చెప్పబోయి ఊరుకున్నాను, వెనుక ఆటోనగర్ వాళ్లు నిలబడి ఉన్నారు.

2021లో జరగాల్సిన లెక్క కోవిడ్‌తో ఆగిపోయింది. ఇప్పుడు 2027 మార్చి 1ని ప్రామాణిక తేదీగా, అంటే ఎవరు ఎక్కడున్నారో లెక్కలోకి తీసుకునే రోజుగా, ప్రకటించారు. నాకు వయసు దాటింది, పిలవరు. వచ్చే పంతులమ్మ ఎవరో కానీ, మధ్యాహ్నం పూట రావద్దని, మూడింటికి గిన్నెలు కడిగాక వస్తే ఆవిడ తీరికగా మాట్లాడుతుందని నా సలహా. పొద్దున వస్తే సుద్దముక్క ఇచ్చి పలక రాయమంటుంది.

మిగిలిన వివరాలు: పదకొండు నుంచి రెండు వరకు, మళ్లీ ఆరున్నర నుంచి తొమ్మిది వరకు. పన్నెండున్నర దాటితే పచ్చడి నమ్మకం లేదు. అయిదు వందల నోటు తీసుకువెళితే చిల్లర కోసం మందుల కొట్టుకు పరుగెత్తేది మీరే. బండి పెట్టే చోటు లేదు, పెద్దాయన గేటుకు అడ్డంగా పెట్టకండి, ఆయన టైర్లలో గాలి తీస్తారు. కందబచ్చలి ఎప్పుడని ముందే అడిగి క్యారియర్ ఇచ్చి వస్తే పక్కన పెడతారు. ఆదివారం సెలవు. సోమవారం గోంగూర.